ఆసుపత్రికి బయలుదేరే వేళ

బొగ్గుగనుల ప్రాంతంలో కాలాన్ని చెప్పేది సైరను. రామగుండం, గోదావరిఖని కార్మికవాడలలో ఆ కూత వినబడగానే ఏ షిఫ్టు ముగిసిందో, ఏ షిఫ్టు మొదలయిందో చిన్నపిల్లలు సైతం చెప్పగలరు. కాని ఆ ఇళ్ళలోనే ఏ సైరనుకూ లొంగని సంఘటన ఒకటి ఉన్నది. అది కాన్పు. నొప్పులు మొదలైన ఇంట్లో అందరినీ వేధించే ప్రశ్న ఒకటే: ఇప్పుడే ఆసుపత్రికి బయలుదేరాలా, ఇంకా కొంతసేపు ఆగాలా? పైకి ఇది ఇంటి ఆడవారు తేల్చుకోవలసిన చిన్న విషయంగా తోస్తుంది. కాని దీనికి సరయిన సమాధానం కోసం వైద్యశాస్త్రం రెండు శతాబ్దాలుగా శ్రమిస్తూ వచ్చింది. ఆ సమాధానాన్ని ఇంకా సవరించుకుంటూనే ఉన్నది.

మంత్రసాని కాలం

ఆసుపత్రులు లేని రోజులలో ఈ ప్రశ్నే లేదు. గర్భిణి ఎక్కడికీ వెళ్ళనక్కరలేదు; మంత్రసానే ఇంటికి వచ్చేది. కడుపు కిందికి జారటం, నడుము నుంచి నొప్పి ముందుకు పాకటం, ఉమ్మనీరు పోవటం వంటి గుర్తులు ఆమెకు అనుభవం మీద తెలుసు. వీటిలో చాలా భాగం నేటికీ సరయినవే. అయితే బిడ్డ అడ్డం తిరిగినా, కాన్పు తరువాత రక్తం ఆగకపోయినా ఆమె చేతిలో ఉపాయం లేదు. ప్రమాదాన్ని గుర్తించటం వేరు, దాన్ని తప్పించటం వేరు. ఆసుపత్రి అవసరం సరిగా అక్కడే మొదలవుతుంది.

తొలిచూలు గర్భిణిని పుట్టింటికి తీసుకుపోవటం మన ఆచారం. గనికార్మికుని భార్యకు పుట్టిల్లు తరచుగా దూరపు పల్లెలో ఉండేది. భర్త పనిచేసే చోట వైద్యం ఉన్నా, కాన్పు మాత్రం అది లేని చోట జరిగేది.

గనులు, రైలు, చట్టం

1871లో విలియం కింగ్ అనే భూగర్భశాస్త్రజ్ఞుడు ఇల్లందు ప్రాంతంలో బొగ్గును కనుగొన్నాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ గనుల హక్కులు పొందింది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. కాజీపేట - బల్హార్షా రైలుమార్గం 1929 నాటికి పూర్తయి, రామగుండం మీదుగా ఉత్తర దక్షిణాలను కలిపింది. 1950ల చివర, 1960ల మొదట గోదావరి ఒడ్డున గనులు తెరిచాక ఊరుకాని చోట ఊరు వెలిసింది. దానికి గోదావరిఖని అన్న పేరు వచ్చింది. కాలక్రమాన సింగరేణి సంస్థ అక్కడ ఏరియా ఆసుపత్రిని నెలకొల్పింది.

ఇదే కాలంలో చట్టం కూడా గర్భిణి లెక్కను తనలో చేర్చుకొన్నది. బ్రిటిషిండియాలో 1941లో గనులలో పనిచేసే స్త్రీలకు ప్రసూతి సౌకర్యాల చట్టం వచ్చింది. స్వతంత్ర భారతదేశంలో 1961 నాటి ప్రసూతి సౌకర్యాల చట్టం పన్నెండు వారాల సెలవు కల్పించింది. 2017 సవరణ దానిని ఇరవైయారు వారాలకు పెంచింది. అయితే సెలవు ఎప్పుడు మొదలు కావాలి? కాన్పు తేదీ ముందుగా తెలిస్తేనే కదా!

జర్మన్ వైద్యుడు ఫ్రాంజ్ నెగెలె పేరుతో 19వ శతాబ్దం నుంచి ఒక లెక్క వాడుకలో ఉన్నది. చివరి బహిష్టు మొదటి రోజుకు ఏడు రోజులు కలిపి, మూడు నెలలు వెనుకకు పోయి, పై సంవత్సరానికి లెక్కించటమే ఆ సూత్రం. మొత్తం 280 రోజులన్న మాట. కాని సరిగా ఆ రోజునే కనేవారు నూటికి నలుగురైదుగురు మాత్రమే. అంటే ఈ లెక్క నెలను చూపగలదు, గంటను చూపలేదు.

గంటను కొలిచిన గీత

గంటను పట్టుకొనే ప్రయత్నం 1954లో ఫలించింది. అమెరికాలో ఇమాన్యుయేల్ ఫ్రీడ్మన్ అనే యువవైద్యుడు వంద మంది తొలిచూలు స్త్రీలను పరిశీలించాడు. గర్భాశయ ముఖద్వారం గంటగంటకూ ఎన్ని సెంటీమీటర్లు తెరుచుకొంటున్నదో కొలిచి, కాగితం మీద గీత గీశాడు. మొదట చాలాసేపు గీత నేలబారుగా సాగి, ఆ తరువాత నిటారుగా లేచింది. మొదటి దశ మందగతిది, రెండవది చురుకైనది. చివరకు ద్వారం పది సెంటీమీటర్లు తెరుచుకొంటుంది. కాన్పు నొప్పికి ఆ విధంగా ఒక రేఖాపటం దొరికింది.

ఆ గీతను బయలుదేరే వేళతో ముడిపెట్టినది ఆఫ్రికా ఖండం. నాటి రొడీషియాలో, అనగా నేటి జింబాబ్వేలో, ఫిల్‌పాట్, కాసిల్ అనే ఇద్దరు వైద్యులు పనిచేశారు. దూరాన ఉన్న చిన్న కేంద్రాలలో కాన్పులు చేసే నర్సులు గర్భిణిని పెద్దాసుపత్రికి ఎప్పుడు పంపాలన్నది వారి సమస్య. 1972లో వారు ఫ్రీడ్మన్ పటం మీద రెండు గీతలు చేర్చారు. మొదటిది హెచ్చరిక రేఖ: గంటకు ఒక సెంటీమీటరు చొప్పున ద్వారం తెరుచుకోకపోతే ఆమెను బండి ఎక్కించాలి. రెండవది దానికి నాలుగు గంటల తరువాత వచ్చే చర్య రేఖ: అప్పటికి వైద్యుడు ఏదో ఒకటి చేసి తీరాలి. ఆ నాలుగు గంటలు దారికోసం ఉంచినవి! ఒక రేఖాపటంలో దూరాన్ని కూడా లెక్కించటం ఇక్కడి విశేషం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ పటాన్ని స్వీకరించి ఇండోనేషియా, మలేషియా, థాయిలాండ్‌లలో 35,484 మంది స్త్రీలపై పరీక్షించింది. సుదీర్ఘ ప్రసవాలు నూటికి 6.4 నుంచి 3.4కు తగ్గినట్లు 1994లో తేలింది. శాస్త్రం అంతటితో ఆగలేదు. చాలామంది ఆరోగ్యవంతులైన స్త్రీలలో ద్వారం అంతకన్న నిదానంగా తెరుచుకొంటుందని తరువాతి పరిశీలనలు చూపాయి. అందువల్ల 2018లో ఆ సంస్థ చురుకైన దశ ఐదు సెంటీమీటర్ల వద్ద మొదలవుతుందని చెప్పింది. గంటకు ఒక సెంటీమీటరు అనే నియమాన్ని అందరికీ ఒకే తీరుగా వర్తింపజేయరాదన్నది. 2020లో పాత పటం స్థానంలో కొత్త పత్రాన్ని తెచ్చింది.

మూడు ఆలస్యాలు

ప్రసూతి మరణాలకు దారితీసే ఆలస్యాలు మూడని 1994లో థాడియస్, మెయిన్ అనే ఇద్దరు పరిశోధకులు వివరించారు: వెళ్ళాలని నిర్ణయించుకోవటంలో ఆలస్యం, ఆసుపత్రికి చేరటంలో ఆలస్యం, చేరాక వైద్యం అందటంలో ఆలస్యం. రెండవదాన్ని తగ్గించటానికి మన రాష్ట్రంలో 2005లో 108 అంబులెన్సు వచ్చింది. అదే సంవత్సరం జననీ సురక్షా యోజన, 2017లో కేసీఆర్ కిట్ పథకం ఆసుపత్రి కాన్పులకు ఊతమిచ్చాయి. 1992-93లో ఆంధ్రప్రదేశ్‌లో కాన్పులలో మూడింట ఒక వంతు మాత్రమే ఆసుపత్రులలో జరిగేవి. 2019-21 నాటికి తెలంగాణలో నూటికి 97 అక్కడే జరుగుతున్నాయి. తెలంగాణలో 2018-20 కాలానికి లక్ష సజీవ జననాలకు ప్రసూతి మరణాలు 43. దేశం మొత్తానికి 97.

అయితే నాణేనికి రెండో వైపు కూడా చూడాలి. అదే 2019-21 సర్వేలో తెలంగాణ కాన్పులలో నూటికి 60.7 శస్త్రచికిత్స ద్వారా జరిగినట్లు తేలింది. ఇందుకు కారణాలు అనేకం. వాటిలో తొందరపాటు ఒకటి. మందగతి దశలోనే ఆసుపత్రిలో చేరిన స్త్రీలకు మందులతో నొప్పులు పెంచటం, కోతలు పెట్టటం ఎక్కువగా జరుగుతున్నట్లు అనేక పరిశీలనలు చెబుతున్నాయి. నిన్నటి ప్రమాదం ఆలస్యం. నేడు ఆలస్యంతో పాటు తొందరపాటునూ లెక్కించాలి.

ఇంట్లో పెట్టుకోవలసిన లెక్క

ఇందుకు కావలసిన పరికరం గోడ గడియారం ఒక్కటే. నొప్పి మొదలైన వేళ, ఆగిన వేళ కాగితం మీద రాయండి. క్రమం లేకుండా వచ్చి, అటూ ఇటూ నడిస్తేనో పడుకుంటేనో తగ్గిపోయేవి దొంగనొప్పులు. రామగుండం ఎండలలో ఒంట్లో నీరు తగ్గినా ఇవి రావచ్చు; నీళ్ళు తాగి చూడాలి. అసలు నొప్పులు క్రమంగా దగ్గరవుతాయి, బలపడతాయి. తొలిచూలులో ఐదు నిమిషాలకొకసారి, ఒక్కొక్కటి సుమారు నిమిషంపాటు, గంటసేపు అదే తీరున వస్తే బయలుదేరవలసిన వేళ అయినట్లే. ముందు కాన్పులయినవారు, దూరపు పల్లెలవారు ఇంకా ముందే కదలాలి.

కొన్ని సందర్భాలలో గడియారం చూడనక్కరలేదు. ఉమ్మనీరు పోయినా, ముఖ్యంగా అది పచ్చగా ఉన్నా, రక్తం పోతున్నా, బిడ్డ కదలిక తగ్గినా, మూర్ఛ వచ్చినా, తీవ్రమైన తలనొప్పితో చూపు మసకబారినా, జ్వరం వచ్చినా, నెలలు నిండకుండా నొప్పులు వచ్చినా వెంటనే బయలుదేరాలి. ముందు కాన్పు ఆపరేషన్ అయినవారు, బిడ్డ అడ్డంగానో ఎదురుకాళ్ళతోనో ఉన్నదని వైద్యులు చెప్పినవారు మొదటి నొప్పికే కదలాలి.

ఫిల్‌పాట్, కాసిల్ తమ పటంలో దారికి నాలుగు గంటలు ఉంచారు. ప్రతి ఇల్లూ తన దారికి ఎంత సమయం పడుతుందో ముందే లెక్క వేసుకోవాలి: బండి ఎవరిది, వర్షం వస్తే ఏ దారి, భర్త రాత్రి షిఫ్టులో ఉంటే తోడు ఎవరు. ఈ నిర్ణయాలు నొప్పులు వచ్చాక చేసేవి కావు. తొమ్మిదో నెల రాకముందే ఇంటిల్లిపాదీ కూర్చుని, ఆ తల్లి మాట కూడా విని, చేసుకోవలసినవి.