విజ్ఞానసర్వస్వంలో నగ్నచిత్రం: ఔచిత్యవిచారం

విజ్ఞానసర్వస్వంలో నగ్నచిత్రం ఉండవచ్చునా అన్న వివాదం అంతర్జాలం కన్న పాతది. 1768-71 మధ్య ఎడింబరోలో విలియం స్మెల్లీ సంపాదకత్వాన వెలువడిన బ్రిటానికా ప్రథమ ముద్రణకు ఆండ్రూ బెల్ 160 రాగిఫలకాలు చెక్కాడు. వాటిలో ప్రసూతిశాస్త్ర వ్యాసానికి వేసిన స్త్రీ కటిభాగ, గర్భస్థశిశు చిత్రాలు దుమారం లేపాయి. ఆ పుటలను చింపివేయుమని మూడవ జార్జి రాజు ఆనతిచ్చాడని చెబుతారు.

2001లో ఆరంభమైన వికీపీడియా తనకు సెన్సారు లేదని నియమం పెట్టుకొన్నది. అయినా వ్యాసానికి అక్కరలేని అభ్యంతరకర చిత్రాన్ని ఆదరించదు. పాఠకుడే చిత్రాలను మరుగుపరచుకొనే ఏర్పాటును 2011లో తలపెట్టి, తరువాత విరమించారు.

కావ్యానికి ఔచిత్యమే ప్రాణమని పదకొండవ శతాబ్దిలో క్షేమేంద్రుడు నిరూపించాడు. నా మటుకు ఇక్కడా అదే గీటురాయి. ప్రసవాన్ని వివరించేచోట ఆ చిత్రం విద్య; అలంకారానికి మరొకచోట అతికిస్తే అనుచితం. ఈ వివేచన లేక పుట చింపితే నష్టపోయేది నేర్వగోరినవాడే.