తెలుగు గ్రంథసూచికలలో అన్వేషణ: వర్ణక్రమ చరిత్ర

గ్రంథాలయ సూచికలో ఒక శీర్షిక కనిపించనంత మాత్రాన ఆ గ్రంథం అక్కడ లేదని నిర్ధారించడం తొందరపాటే. గురజాడ అప్పారావు నాటకం 1897లో తొలిసారి అచ్చయింది. 1909 నాటి రెండవ కూర్పు దాదాపు కొత్త రచన. వీటిని పోల్చదలచినవారు 'కన్యాశుల్కం' అని మాత్రమే వెదికితే, అక్షరాలను యథాతథంగా సరిచూసే యంత్రానికి 'కన్యాశుల్కము' అని నమోదైన ప్రతి చిక్కదు. తొలి కూర్పు కంటబడకపోతే మలికూర్పులోని మార్పులే మొదటినుంచీ ఉన్నవిగా చరిత్రకెక్కుతాయి. 'కన్యాశుల్క' వరకు ఇచ్చి చివర నక్షత్ర గుర్తు చేర్చడం సులభోపాయం. అయితే ఆ సదుపాయం అన్ని సూచికలలోనూ లేదు.

యూనికోడ్‌లో తెలుగు లిపికి 1991లోనే చోటు దక్కినా, ఆ తరువాత కూడా అనేక సూచికలు తెలుగు పేర్లను రోమన్ లిపిలోనే నమోదు చేశాయి. గురజాడలోని 'జ'ను కొందరు 'జె' అక్షరంతో, కొందరు 'జెడ్'తో రాశారు. జార్జి బూల్ 1854 నాటి గ్రంథంలో వివరించిన తర్కం ఇక్కడ 'లేదా' అనే సంధాయకంగా అక్కరకు వస్తుంది: రెండు రూపాలనూ ఒకే ప్రశ్నలో అడగవచ్చు. అరసున్నతో అచ్చయిన 'తెలుఁగు', 'తెనుఁగు', పర్యాయంగా వాడిన 'ఆంధ్రము' కూడా అందులో చేరకపోతే పాత వ్యాకరణాలు, నిఘంటువులు అనేకం అన్వేషణకు వెలుపలే ఉండిపోతాయి.