విద్యుత్ సంస్థలపై పరిశోధనాత్మక నిఘా (అమెరికా)

అమెరికాలో ప్రైవేటు కరెంటు కంపెనీలు తమ వ్యాపారాన్ని కాపాడుకోవడానికి రాజకీయాల్లో పెట్టే ఖర్చును, నడిపే ముసుగు సంస్థలను రికార్డుల ఆధారంగా బయటపెట్టే పరిశోధనకు సుమారు వందేళ్ల చరిత్ర ఉంది. విచారణ సంఘాలు, పాత్రికేయులు, ప్రజాప్రయోజన సంస్థలు ఈ పని చేస్తూ వచ్చాయి. ఇటీవలి కాలంలో ఇది ప్రధానంగా సౌర, పవన విద్యుత్తుకు ఎదురవుతున్న అడ్డంకుల మీద దృష్టి పెట్టింది.

నేపథ్యం

అక్కడ చాలా రాష్ట్రాల్లో ఒక ప్రాంతానికి ఒకే కంపెనీ కరెంటు ఇస్తుంది. నచ్చకపోతే వినియోగదారుడు మరో కంపెనీకి మారలేడు. ఛార్జీలను రాష్ట్ర నియంత్రణ మండలి ఖరారు చేస్తుంది. కొత్త ప్లాంట్లు, లైన్ల మీద పెట్టిన పెట్టుబడికి లాభం కట్టి ఇస్తుంది. ఇంటి కప్పు మీద సోలార్ పలకలు పెరిగితే కంపెనీకి అమ్మకమూ తగ్గుతుంది, కొత్త ప్లాంటు కట్టే అవకాశమూ తగ్గుతుంది. విరోధానికి మూలం ఇదే.

తొలి విచారణలు (1928–35)

1928లో సెనేట్ ఆదేశం మేరకు ఫెడరల్ ట్రేడ్ కమిషన్ విద్యుత్ సంస్థలపై విచారణ మొదలుపెట్టింది. ప్రభుత్వ రంగంలో కరెంటు ఉత్పత్తి వద్దని ప్రచారం చేసేందుకు కరెంటు కంపెనీల సంఘమైన నేషనల్ ఎలక్ట్రిక్ లైట్ అసోసియేషన్ పాఠ్యపుస్తకాలను మార్పించిందని, ప్రొఫెసర్లకు డబ్బిచ్చిందని తేలింది. ఖర్చుకు వెనకాడవద్దని, దాన్ని భరించేది ప్రజలేనని ఆ సంఘం సారథి సభ్యులకు చెప్పిన మాట కూడా బయటపడింది. ఎర్నెస్ట్ గ్రూనింగ్ 1931లో రాసిన ‘ది పబ్లిక్ పేస్’ ఈ విచారణను వివరించిన గ్రంథం.

1935లో విద్యుత్ సంస్థలను గుప్పిట్లో పెట్టుకున్న హోల్డింగ్ కంపెనీలను కట్టడి చేసే బిల్లుకు వ్యతిరేకంగా కాంగ్రెస్‌కు టెలిగ్రాములు వెల్లువెత్తాయి. పెన్సిల్వేనియాలోని వారెన్ పట్టణం నుంచి వచ్చిన వాటిలో చాలా పేర్లు అక్షరమాల మొదటి అక్షరాలతోనే మొదలవడం ఒక సభ్యుడి కంటపడింది. ఎవరో డైరెక్టరీ ముందు పెట్టుకొని వరసగా పేర్లు ఎక్కించారు. టెలిగ్రాములు పంపినట్టున్నవారికి ఆ సంగతే తెలియదు. సెనేటర్ హ్యూగో బ్లాక్ కమిటీ ఈ మోసాన్ని బట్టబయలు చేసింది. బిల్లు అదే ఏడాది చట్టమైంది.

వాతావరణ మార్పు పత్రాలు

నేషనల్ ఎలక్ట్రిక్ లైట్ అసోసియేషన్ స్థానంలో 1933లో ఎడిసన్ ఎలక్ట్రిక్ ఇన్‌స్టిట్యూట్ ఏర్పడింది. బొగ్గుపులుసు వాయువుతో భూమి వేడెక్కే ప్రమాదం గురించి 1968లోనే ఈ సంఘం వార్షిక సభలో అమెరికా అధ్యక్షుడి సైన్సు సలహాదారు డొనాల్డ్ హార్నిగ్ హెచ్చరించారు. అయినా 1991లో ఆ ప్రమాదంపై జనంలో సందేహం నాటే ప్రచారానికి ఇదే సంఘం చేయూతనిచ్చింది. ఎనర్జీ అండ్ పాలసీ ఇన్‌స్టిట్యూట్ అనే నిఘా సంస్థ 2017లో ఇలాంటి పాత పత్రాలను ఒకచోట చేర్చి నివేదిక వెలువరించింది.

సోలార్‌పై పోరు

రూఫ్‌టాప్ సోలార్ వల్ల కంపెనీల ఆదాయానికి గండి పడుతుందని ఎడిసన్ సంఘం 2013లో తన సభ్యులను హెచ్చరించింది. ఆ ఏడాదే అరిజోనా పబ్లిక్ సర్వీస్ కంపెనీ, సోలార్ వ్యతిరేక ప్రచారానికి బయటి సంస్థల ద్వారా డబ్బు ఇచ్చినట్టు ఒప్పుకుంది. తమ ఛార్జీలు ఖరారు చేసే నియంత్రణ మండలికి 2014లో జరిగిన ఎన్నికల సమయంలో రాజకీయ బృందాలకు 1.07 కోట్ల డాలర్లు ఇచ్చిన సంగతి మాత్రం 2019లో, మండలి సమన్లు ఇచ్చాకే చెప్పింది.

ఫ్లోరిడాలో 2016లో పేరుకు సోలార్ అనుకూలమైన ఒక రాష్ట్ర రాజ్యాంగ సవరణకు కంపెనీలు 2 కోట్ల డాలర్లకు పైగా వెచ్చించాయి. సోలార్‌కున్న ఆదరణనే సోలార్‌కు అడ్డుకట్టగా మార్చే ఎత్తుగడ ఇదని ఒకరు మెచ్చుకుంటున్న ఆడియోను పరిశోధకులు సంపాదించి ఒక పత్రికకు అందజేశారు. 60 శాతం ఓట్లు కావలసిన సవరణకు 51 శాతమే వచ్చాయి.

ఇలాంటి ఎత్తుగడలు సోలార్‌కే పరిమితం కాలేదు. న్యూ ఆర్లీన్స్‌లో గ్యాస్ ప్లాంటుపై బహిరంగ విచారణలకు నారింజరంగు టీషర్టులు తొడుక్కుని వచ్చిన ‘మద్దతుదారుల’లో కొందరు కిరాయి నటులని 2018లో ‘ది లెన్స్’ వార్తాసంస్థ వెల్లడించింది. కూర్చున్నందుకు 60 డాలర్లు, మాట్లాడితే 200 డాలర్లు. ప్లాంటు తలపెట్టిన ఎంటర్జీ సంస్థకు నగర మండలి 50 లక్షల డాలర్ల జరిమానా వేసింది. ప్లాంటు మాత్రం ఆగలేదు.

ఒహాయో కుంభకోణం

2019లో ఒహాయో చేసిన చట్టం రెండు అణువిద్యుత్ కేంద్రాలకు వంద కోట్ల డాలర్లకు పైగా వినియోగదారుల నుంచి వసూలు చేసి ఇవ్వమంది. పునరుత్పాదక విద్యుత్ లక్ష్యాన్ని 12.5 నుంచి 8.5 శాతానికి తగ్గించింది. ఈ చట్టం కోసం సుమారు 6 కోట్ల డాలర్ల లంచం చేతులు మారిందని 2020లో ఎఫ్‌బీఐ ఆరోపించింది. విద్యుత్ సంస్థ ఫస్ట్‌ఎనర్జీ 2021లో తప్పు ఒప్పుకొని 23 కోట్ల డాలర్ల జరిమానాకు అంగీకరించింది. రాష్ట్ర ప్రతినిధుల సభ స్పీకర్‌గా పనిచేసిన ల్యారీ హౌస్‌హోల్డర్‌కు 2023లో 20 ఏళ్ల జైలుశిక్ష పడింది.

ఫలితాలు

నిజం బయటపడ్డ ప్రతిచోటా న్యాయం జరగలేదు. అయినా సామాన్యుడి బిల్లు సొమ్ము అతడి ప్రయోజనానికే ఎదురు నిలుస్తోందని రుజువు చేయడం ఈ పరిశోధన సాధించిన ఘనత. 2023లో కొలరాడో, కనెక్టికట్, మెయిన్ రాష్ట్రాలు లాబీయింగు ఖర్చులనూ వ్యాపార సంఘాల చందాలనూ కరెంటు బిల్లుల్లో కలపడాన్ని నిషేధించాయి. భరించేది ప్రజలేనన్న పాత ధీమాకు ఆ మూడు రాష్ట్రాల చట్టాలు ఇచ్చిన జవాబు అది.