ఇసుక కట్టిన కట్ట: చిలికా సరస్సు, గంజాము తీరము

బరంపురము, గోపాలపురము, ఛత్రపురము ప్రాంతములలో తరతరములుగా నివసించుచున్న తెలుగు కుటుంబములవారు తమ చరిత్రను చెప్పుకొనునపుడు 1936వ సంవత్సరము ఏప్రిలు 1వ తేదీని తప్పక తలచుకొందురు. గంజాము జిల్లాలో అధికభాగము మదరాసు రాజధానినుండి విడివడి, నూతనముగ నేర్పడిన ఒరిస్సాలో చేరినది ఆ దినముననే. ఆ సరిహద్దును గూర్చి వ్రాసినవారు పెక్కురు కలరు. ఆ సరిహద్దు గీయబడిన నేలను గూర్చి వ్రాసినవారు మాత్రము మనలో అరుదు. ఆ నేలకును ఒక చరిత్ర కలదు. అది నేటికిని ముగియలేదు.

గంజాము కొండలలో విరివిగ గానవచ్చు శిలకు 1902వ సంవత్సరమున టి. ఎల్. వాకరు అను భూగర్భశాస్త్రజ్ఞుడు ఖొండలైటు అని పేరిడెను. ఆ కొండలలో నివసించు ఖొండుల పేరే దానికి వచ్చినది; తమ పేరొక రాతికి పెట్టబడెనని వారికెవరైన చెప్పిరో లేదో! సింహాచలము కొండయు ఈ జాతి శిలయే. కోణార్క దేవాలయమును కట్టినదియు ప్రధానముగ ఈ రాతితోనే. నూరు కోట్ల యేండ్లకు మించిన ప్రాచీనత గల తూర్పు కనుమల శిలలకు సరిజోడైనవి తూర్పు అంటార్కిటికాలో కలవు. ఒకప్పుడు ఆ ఖండమును మన తూర్పుతీరమును ఒకటిగ నుండి, సుమారు 13 కోట్ల సంవత్సరముల క్రిందట విడిపోయినవి. ఆ చీలికలో చొచ్చుకొనివచ్చిన జలమే నేటి బంగాళాఖాతము.

కొండలు అరిగిన కొలది వానిలోని గట్టి ఖనిజములు ఏరులవెంట సముద్రమునకు చేరును. తీరమునందు ఎఱ్ఱగను నల్లగను చారలు దేరి కనబడు ఇసుక అట్టిదే. ఎఱుపు గార్నెటుది, నలుపు ఇల్మెనైటుది. ఛత్రపురమువద్ద నేడు ఈ యిసుకనుండియే ఇల్మెనైటును, మోనజైటును, జిర్కానును వేరుచేయుచున్నారు.

ఇక చిలికా సంగతి. ఇరువదివేల యేండ్లనాడు, మంచుయుగము ముదిరియున్నపుడు, సముద్రమట్టము నేటికంటె సుమారు 120 మీటర్లు దిగువను ఉండెను. మంచు కరగగా నీరు పైకివచ్చి, ఆరేడువేల యేండ్ల క్రిందటికి ఇంచుమించు నేటి మట్టమును అందుకొనెను. కొండల నడిమి పల్లము అఖాతమయ్యెను; గట్టుల శిఖరములు దీవులయ్యెను. అటుపిమ్మట పని ఇసుకది. నైరృతి ఋతుపవనకాలమున అలలు ఒడ్డునకు ఏటవాలుగ తగులుటచే ఇసుక దక్షిణమునుండి ఉత్తరమునకు నడచును. ఏడాదికి ఇట్లు సాగిపోవునది సుమారు పది లక్షల ఘనమీటర్లుండునని అంచనా. ఆ యిసుకయే అఖాతము నోటికి అడ్డముగ సుమారు 60 కిలోమీటర్ల కట్టను పోసి, దానిని సరస్సుగ మార్చెను. ఉత్తరపు దెసనుండి దయా, భార్గవీ నదులు మహానది బురదను తెచ్చి పోయుచున్నవి. ఒక వంక ఇసుక, ఒక వంక ఒండ్రు, నడుమ చిలికా.

టాలెమీ తన భూగోళమున పేర్కొనిన పలూరా అను రేవు, సరస్సు దక్షిణపు కొసనున్న పాలూరే యని పలువురు పండితుల అభిప్రాయము. సరస్సు ముఖమునకు దగ్గరనున్న మాణిక్యపట్న త్రవ్వకములలో చీనా దేశపు పింగాణిపెంకులు లభించినవి. నేడు ఆ రెంటిలో ఏ చోటికిని పెద్ద ఓడ చేరజాలదు.

1914వ సంవత్సరమునుండి నెల్సన్ అనండేలు, స్టాన్లీ కెంపు అను శాస్త్రజ్ఞులు ఈ సరస్సులోని జీవజాలమును శ్రమించి పరిశీలించిరి. 1917లో అనండేలు బార్కుడా దీవి మట్టిలో కాళ్లులేని నలికిరి నొకదానిని కనుగొని లోకమునకు తెలిపెను. చూచినవారు దానిని పాముపిల్ల యని భ్రమపడుదురు. దీని దాయాది జాతి యొకటి విశాఖపట్టణ ప్రాంతమున కలదు. ఈదలేని ఇట్టి నేలజంతువు దీవిలోనుండుట, ఆ దీవి ఒకప్పుడు గట్టుతో కలిసియుండెననుటకు అనుకూలముగ నున్నది.

నీటిలోని జీవుల కథ యంతయు సరస్సు ముఖముతో ముడివడియున్నది. దీనిని మన జాలరులు మొగ యందురు. పండుగప్ప సరస్సులో పెరిగి, గ్రుడ్లు పెట్టుటకు సముద్రమునకు పోవును. రొయ్య సముద్రమున పుట్టి, పిల్లగ మొగద్వారా లోనికి వచ్చి, పెరిగి మరల వెడలును. ఆడ మండపీతయు గ్రుడ్లతో సముద్రమునే చేరును. వానకాలమున తీపెక్కి, వేసవిలో ఉప్పెక్కు నీరు వీనికన్నిటికి కావలెను. మొగ మూసికొనిపోయినచో ఈ రాకపోకలన్నియు నిలిచిపోవును.

అట్లే జరిగినది. ఇసుక నడకవలన మొగ ఏటేట ఉత్తరమునకు జరుగుచు, సన్నగిల్లుచు, పూడుచు వచ్చెను. ఉప్పు తగ్గి, తీపినీటి నాచు పెరిగెను. 1981లో రామ్‌సార్ ఒడంబడిక జాబితాకెక్కిన సరస్సు, 1993లో ఆపదలోనున్న తావుల పట్టికలో చేరెను. 1999-2000లో దొరకిన చేపలు, రొయ్యలు, పీతలు కలిపి సుమారు 1,700 టన్నులు మాత్రమే. వలపై బ్రతుకు కుటుంబములకు ఆ యంకెకు అర్థమేమో వేరుగ చెప్పనక్కరలేదు. 2000 సెప్టెంబరులో సిపకుదా వద్ద ఇసుకకట్టను త్రవ్వి క్రొత్త మొగను తెరచిరి. రెండేండ్లలో దిగుబడి పదివేల టన్నులు దాటెను. 2002లో చిలికా పేరు ఆ యాపదల పట్టికనుండి తొలగెను. 2019లో ఫణి తుపాను ఎవరి నడుగకయే కట్టను మరికొన్ని చోట్ల తెగగొట్టెను.

ఈ తీరమున ఒడియావారు నోలియాలని పిలుచు జాలరులు మన తెలుగువారే. పూరీ మొదలు గోపాలపురమువరకు వారి పల్లెలున్నవి. ఇసుక నిలకడలేని ఈ తీరమున సహజమైన రేవులు అరుదు. అందుచే దుంగలు కట్టిన తెప్పలును, మేకులు లేక కొబ్బరినారతో పలకలు కుట్టిన మసూలా పడవలును వారి సాధనములైనవి. కుట్టిన పలక అల తాకిడికి వంగును. మేకు కొట్టిన పలక పగులును. గోపాలపురము ఎదుట దూరముగ నిలిచిన ఓడలకు, రంగూను వెళ్లు కూలీలను, సరకులను కెరటములు దాటించినవి ఈ పడవలే.

ఇసుక నడకకు గోడ అడ్డముగ కట్టినచో దక్షిణమున మేట పెరుగును, ఉత్తరమున ఒడ్డు కోసికొనిపోవును. చెన్నపట్టణవాసులైన మన పాఠకులు దీనినెఱుగుదురు: పంతొమ్మిదవ శతాబ్దిలో రేవుగోడలు లేచిన పిదప దక్షిణమున మెరీనా వెడల్పయ్యెను, ఉత్తరమున రాయపురము కోతకు లోనయ్యెను. గంజాములో ఋషికుల్యా సంగమము చెంతనున్న పోడంపేటయు సముద్రపు కోతకు గురియై, ఆ జాలరులు ఇండ్లు విడిచి లోపలికి తరలవలసివచ్చెను.

ఆ సంగమమువద్దనే ఆలివ్ రిడ్లీ తాబేళ్లు కొన్ని సంవత్సరములలో లక్షలకొలది యొక్కుమ్మడిగ వచ్చి గ్రుడ్లు పెట్టును. కొన్ని యేండ్లు గుంపుగ రానేరావు. శాస్త్రజ్ఞులకు ఈ తావు తెలిసినది 1994లో. వానిని కాపాడుటకై నవంబరు 1నుండి మే 31వరకు ఆ సమీప సముద్రమున మరపడవల వేటను నిషేధించుచున్నారు. ఏడు మాసములు పడవ కట్టివేయుట జాలరి యింటికి చిన్న కష్టము కాదు. అయినను ఆ రాత్రులలో కుక్కలను తోలుచు, దీపకాంతికి భ్రమసి ఊరివైపు ప్రాకివచ్చు పిల్లలను బుట్టలకెత్తి నీటిలో విడుచుచు కావలి కాయువారిలో ఆ పల్లెల యువకులు కలరు. ఏటిముఖపు ఇసుకతిన్నె ప్రతి వర్షర్తువులోను చోటు మార్చును. తిన్నె యెచట లేచిన అచటనే, తరువాతి మాఘఫాల్గుణములలో, తాబేళ్లు ఒడ్డెక్కును.