టెస్ట్ పైలట్ల శిక్షణ (భారత వైమానిక దళం)

కొత్త విమానాలను, పాత విమానాల్లో అమర్చిన కొత్త ఆయుధాలను, పరికరాలను గాలిలో పరీక్షించే సైనిక పైలట్లకు ఇచ్చే ప్రత్యేక శిక్షణ. తొలితరంలో ఇందుకు బ్రిటన్ వెళ్లేవారు. 1961లో హెచ్ఎఫ్-24 మారుత్ యుద్ధవిమానాన్ని మొదటిసారి ఎగరేసిన సురంజన్ దాస్ అక్కడి ఎంపైర్ టెస్ట్ పైలట్స్ స్కూల్లో చదివినవారే. తర్వాత బెంగళూరులో వైమానిక దళం సొంత పాఠశాల ఏర్పడింది. కోర్సు సుమారు ఏడాది.

సినిమాలు చూపే దుస్సాహసానికి ఇక్కడ విలువ తక్కువ. అనుభవమున్న పైలట్లు ఫ్లైట్ టెస్ట్ ఇంజనీర్లతో కలిసి ఏరోడైనమిక్స్, స్థిరత్వం, నియంత్రణ వ్యవస్థలు చదువుతారు. రకరకాల విమానాలు నడుపుతారు. ప్రతి పరీక్షకూ ముందే ప్రణాళిక రాసుకుంటారు. వేగాన్ని, ఎత్తును, మలుపు తీవ్రతను ఒక్కో మెట్టుగా పెంచుతూ, ఒక మెట్టు లెక్కలు సరిచూశాకే తర్వాతిది ఎక్కుతారు. అసలు కష్టం నేల మీదికి దిగాక మొదలవుతుంది: నివేదిక. ‘బాగా నడవలేదు’ అంటే చాలదు. విమానం చెప్పినట్టు వినేందుకు పైలట్ ఎంత శ్రమపడాలో కూపర్-హార్పర్ కొలమానంపై 1 నుంచి 10 వరకు అంకె వేయాలి. 1 ఉత్తమం, 10 అంటే అదుపు తప్పడమే.

భారత మానవసహిత అంతరిక్షయాత్ర గగన్‌యాన్‌కు ఎంపికైన నలుగురూ టెస్ట్ పైలట్లే. వారిలో శుభాంశు శుక్లా 2025లో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి వెళ్లివచ్చారు.