నాలుగు గంటల దీపం

మా అల్ ముంతజా పార్కులో ఒక శుక్రవారం సాయంత్రం నడుస్తుంటే, ప్లస్ టూ చదువుతున్న పక్క ఫ్లాటు అబ్బాయి అడిగాడు: "అంకుల్, ఎంట్రన్సులో ర్యాంకు రాకపోతే ఇక నాకు సైన్సు లేనట్టేనా?" ఇరవై ఏళ్లుగా కోడు రాస్తున్న నాకు వెంటనే జవాబు తోచలేదు. నేనూ ఆ ర్యాంకుల దారిలో వచ్చినవాణ్ణే కదా!

ఇంటికొచ్చాక కల్యంపూడి రాధాకృష్ణ రావు గారు గుర్తొచ్చారు. ఆయన 1920లో, ఇప్పుడు కర్ణాటకలో ఉన్న హడగళిలో, ఒక తెలుగు ఇంట ఎనిమిదో సంతానంగా పుట్టారు. తల్లి లక్ష్మీకాంతమ్మ గారు తెల్లవారుజామున నాలుగింటికే లేపి, నూనె దీపం వెలిగించి చదువుకోమనేవారట. 1940లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎం.ఏ. మొదటి ర్యాంకుతో ముగించారు. అంతటి ర్యాంకు ఉన్నా, కోరుకున్న పరిశోధక వేతనం దక్కలేదు. యుద్ధకాలం. సైన్యంలో ఏదో ఉద్యోగానికి ఇంటర్వ్యూ అంటే కలకత్తా వెళ్లారు. అదీ రాలేదు.

అయితే అక్కడ బసలో పరిచయమైన ఒకాయన, తాను శిక్షణ పొందుతున్న ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ సంగతి చెప్పారు. మహలనోబిస్ గారు స్థాపించిన సంస్థ అది. నెలకు ముప్ఫై రూపాయల ఖర్చు ఎలాగో సర్దుతానని తల్లి ధైర్యం చెప్పారు. 1941 జనవరి 1న రావు గారు అక్కడ చేరారు.

ఆ తరువాతిది ఇంకా ముచ్చటైన ఘట్టం. 1944లో ఆయన పాఠం చెబుతుండగా దండేకర్ అనే విద్యార్థి లేచి, ఫిషర్ పెద్ద నమూనాలకు చెప్పిన ఫలితం చిన్న నమూనాలకూ వర్తిస్తుందా అని అడిగాడు. రావు గారు ఆ రాత్రి కూర్చుని నిరూపించి, మర్నాడు క్లాసులో చెప్పారు. 1945లో అచ్చయిన ఆ ఫలితమే నేటి క్రామర్–రావు అసమానత. కొలతల్లోని పొరపాటును ఏ హద్దు దాటి తగ్గించలేమో అది చెబుతుంది. దోహా రోడ్లమీద మన ఫోను చూపే నీలిచుక్క ఎంత కచ్చితంగా ఉండగలదో లెక్కగట్టడానికీ ఇదే ఆధారం. 2023లో అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి అందుకుని, అదే ఏడు ఆగస్టులో, నూట రెండేళ్ల వయసులో ఆయన కన్నుమూశారు.

తల్లి దీపం, దారి చెప్పిన పరిచయస్థుడు, ప్రశ్న అడిగిన విద్యార్థి: ఈ మూడింటిలో ఏదీ ర్యాంకు కార్డులో కనిపించదు.

మరుసటి శుక్రవారం ఆ అబ్బాయిని, "నీకు అర్థంకాని విషయం ఒకటి చెప్పు" అన్నాను. కాసేపు ఆలోచించి, ఏసీ గొట్టం నుంచి కొన్ని రోజులు నీళ్లు ఎందుకంత ఎక్కువ కారతాయన్నాడు. గొట్టం కింద సీసా పెట్టి, రోజూ నీళ్లు కొలిచి, గాలిలో తేమ ఎంతో పక్కన రాసుకోమన్నాను. ఇప్పటికి పద్దెనిమిది రోజుల లెక్క ఉంది. వాళ్లమ్మగారు బాల్కనీలో ఆ సీసాను ఎవరినీ కదపనివ్వడం లేదు.