పచ్చబడ్డ గోడలు

"గోడలన్నీ పచ్చగా కనిపిస్తున్నాయేంటే?" అంది అమ్మ, బర్మింగ్‌హామ్‌లో మా ఇంటికొచ్చిన నెలకి. కళ్ళజోడు మార్చాలేమో అనుకున్నాను. రెండ్రోజులకి వాంతులు మొదలయ్యాయి. గుండె దడకి వేసుకునే డిజాక్సిన్ ఒంట్లో పేరుకుపోయిందని రక్తపరీక్షలో తేలింది. మూత్రపిండాలు నెమ్మదించి, మందు బయటికి పోవడం లేదట.

ఇదే ఊళ్ళో పనిచేసిన డాక్టరు విలియం విదరింగ్ 1785లో ఫాక్స్‌గ్లవ్ మొక్క మీద పుస్తకం అచ్చువేశాడు. డిజాక్సిన్ ఆ జాతి మొక్క నుంచే వచ్చింది. మోతాదు మించితే వాంతులవుతాయనీ, వస్తువులు ఆకుపచ్చగానో పసుపుపచ్చగానో కనిపిస్తాయనీ, నాడి నిమిషానికి 35కి కూడా పడిపోవచ్చనీ ఆనాడే రాశాడు. ఆ రెండు రంగుల్నీ అమ్మ 'పచ్చ' అన్న ఒక్క మాటలో చెప్పేసింది. నాకే అర్థం కాలేదు.

విదరింగ్ కాలంలో ఈ విషానికి విరుగుడు లేదు. 1976లో బోస్టన్ డాక్టర్లు గొర్రెల రక్తం నుంచి తీసిన యాంటీబాడీలతో ఒక రోగిని బతికించిన సంగతి ప్రకటించారు. మన పచ్చగన్నేరు విషం మీదా అవి పనిచేస్తాయని 2000లో శ్రీలంక పరిశోధన చూపింది.

అమ్మకి అంత అవసరం పడలేదు. మాత్ర ఆపి, పొటాషియం చూసుకుంటూ, మానిటర్ కింద ఉంచారు.

అయిదో రోజు అమ్మే అంది: "గోడలు తెల్లబడ్డాయే."